రాహులునికి ఇచ్చిన అద్దం

 



మన ఇంటికి ఎవరన్న చుట్టం వస్తే, ఆరో తరగతో ఏడో తరగతో చదివే పిల్లను దగ్గరికి పిలిచి అడిగే ప్రశ్న ఒక్కటే ఉంటది. "పెద్దయితే ఏమైతవ్ బిడ్డా?" ఏం చెప్పాలో పిల్లకు కూడా ఎరుకే. డాక్టరు అంటది, కలెక్టరు అంటది, పోలీసు అంటది. పెద్దలు సంబరపడి తల నిమురుతరు. ముచ్చట అక్కడికి ఒడిసిపోతది. ఆ పిల్ల నిజంగ ఏమనుకుంటున్నదో మనకు తెలవదు, ఆ పిల్లకూ తెలవదు. మనం అడిగింది ఒక నౌకరి పేరు, చెప్పింది ఒక నౌకరి పేరు.

ఈ చిన్న పుస్తకంలో ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. పదకొండు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలు తమ బతుకు గురించి మంచి నిర్ణయం తీసుకోవాలంటే మనం ఏం చేయాలె? వాళ్ల తరఫున మనమే తేల్చాలా? వాళ్లకే వదిలెయ్యాలా? చూడటానికి ఇది బడి ముచ్చట లెక్కనే ఉంటది. నాకు మాత్రం ఇది ధమ్మం ముచ్చట.

ఎందుకంటే మన తాత ముత్తాతలను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగే అవసరమే లేదు, జవాబు కులమే చెప్పేది. తోలు పని ఎవరిది, డప్పు ఎవరిది, ఊరి కావలి ఎవరిది, చచ్చిన పశువును ఎవరు ఈడ్చాలె అన్నది పిల్లగాడు పుట్టకముందే తేలిపోయి ఉండె. పోరనికి పదేండ్లు రాంగనే దొర దగ్గరనో పటేలు దగ్గరనో జీతం. ఆడపిల్లకైతే తమ్ముణ్ణి ఎత్తుకునుడు, ఆ తర్వాత కలుపు, ఆ తర్వాత పెండ్లి. ఈ ఏర్పాటుకు శాస్త్రమై నిలిచిన మనుస్మృతిని 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగులబెట్టినం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది ఆయన వెంట దీక్ష తీసుకున్నరు. దీక్ష అంటే ఏమిటి? పుట్టుకతో మీద పడ్డదాన్ని కాదని, తెలిసి, ఆలోచించి, ఇంకొకదాన్ని ఎంచుకునుడు. ఎంచుకునే హక్కు మాకూ ఉన్నదని లోకానికి చెప్పినోళ్లం మనం. అట్లాంటి ఇంట్ల పుట్టిన పిల్లకు ఎంచుకునుడు ఎట్లనో నేర్పకపోతే ఎట్ల?

మన సభల్లో కాలామ సుత్తం ప్రస్తావన లేని ఉపన్యాసం ఉండదు. పరంపరగా వస్తున్నదని గానీ, గ్రంథంలో ఉన్నదని గానీ, గురువు చెప్పిండని గానీ ఒకదాన్ని ఒప్పుకోవద్దు, మీకు మీరే చూసి తెలుసుకోండ్రి అని కేసపుత్త వాసులకు తథాగతుడు చెప్పిన బోధ అది. దాన్ని పూజారులకు వర్తింపజేస్తం, బాబాలకు వర్తింపజేస్తం, జాతకాలు చూసేటోళ్లకు వర్తింపజేస్తం. మన కొడుకు "నాకు బైపీసీ వద్దు బాపూ" అంటే మాత్రం ఆ సుత్తం యాదికి రాదు.

అయితే పిల్లల ఇష్టానికే వదిలేద్దామా? వినయపిటకంలోని మహావగ్గంలో ఒక కథ ఉన్నది. దీన్ని మన దగ్గర ఎక్కువగా చెప్పుకోరు, అందుకే కొంచెం వివరంగా చెప్తా.

రాజగృహంలో పదిహేడు మంది దోస్తులైన పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లకు ఉపాలి అనే పిల్లగాడు పెద్ద. (మంగలి ఇంటి నుంచి వచ్చి వినయానికి పెద్ద దిక్కైన ఉపాలి థేరుడు వేరు, ఈ పిల్లగాడు వేరు.) ఉపాలి తల్లిదండ్రులు ఒకనాడు కూసొని ఆలోచన చేసిండ్రు. మనం పోయినంక వీడు కష్టపడకుంట ఎట్ల బతుకుతడు? రాత పని నేర్పిద్దామంటే వేళ్లు నొస్తయి. లెక్కల పని నేర్పిద్దామంటే రొమ్ము నొస్తది. నాణేలు పరీక్షించే పని నేర్పిద్దామంటే కండ్లు పోతయి. ఈ శాక్య భిక్షువులను చూడు, మంచిగ తింటరు, గాలి తగలని చోట నిద్రపోతరు, వీణ్ణి వాళ్లల్ల చేర్పిస్తే సుఖంగ ఉంటడు. ఈ మాటలు పిల్లగాని చెవిన పడ్డయి. ఉరికి పోయి దోస్తులకు చెప్పిండు. నువ్వు పోతే మేమూ వస్తం అన్నరు వాళ్లు. ఇండ్లల్ల అడిగితే అందరూ సరే అన్నరు. భిక్షువులు కూడా వయసు చూడకుండా ఉపసంపద ఇచ్చేసిండ్రు. తెల్లారకముందే ఆ పిల్లలు లేచి గంజి పోయుండ్రి, బువ్వ పెట్టుండ్రి అని ఏడ్సుడు మొదలుపెట్టిండ్రు. తెల్లారనీయుండ్రి అంటే వినరు. పక్కలల్లనే పాడు చేసుకున్నరు. ఆ ఏడుపు తథాగతునికి వినపడ్డది. ఆనందుణ్ణి అడిగి తెలుసుకున్నడు. ఆకలి, చలి, ఎండ, మాటలు పడుడు, ఇవన్నీ ఓర్చుకోవాలంటే ఒక వయసు రావాలె అని, ఇరవై ఏండ్లు నిండనోళ్లకు ఉపసంపద ఇవ్వవద్దని నియమం పెట్టిండు.

ఈ కథలో చెడ్డోళ్లు ఎవరూ లేరు. తల్లిదండ్రులది ప్రేమనే. కానీ వాళ్లు ఆలోచించింది పని గురించి కాదు, నొప్పి లేకపోవుడు గురించి. పిల్లగాడు ఆలోచించింది దోస్తుల గురించి. బుద్ధుడు ఆ పిల్లలను కోప్పడినట్టు కథలో లేదు. నియమం పెట్టింది ఉపసంపద ఇచ్చే పెద్దోళ్లకు. అంటే బతుకంతా కట్టిపడేసే నిర్ణయాన్ని పన్నెండేండ్ల పిల్ల నెత్తిన పెట్టొద్దు, తెలిసిన పెద్దోళ్లు అక్కడ అడ్డం నిలబడాలె అని ధమ్మమే చెప్తున్నది.

ఇగ మన వాడకు రాండ్రి. "ఎండల మేం సచ్చినం, నువ్వు నీడపట్టున ఫ్యాను కింద కూసునే నౌకరి చెయ్యి బిడ్డా." ఈ మాట మనలో ఎంతమంది అనలేదు? పత్తి ఏరి వేళ్లు పగిలిన తల్లి ఆ మాట అంటే తప్పు పట్టే అర్హత నాకు లేదు, ఎవరికీ లేదు. నీడ కోరుకునుడు పాపం కాదు. కానీ ఉపాలి తల్లిదండ్రులు కోరుకున్నదీ అదే. పిల్లకు ఏది వస్తది, ఏది చేస్తుంటే ఆకలి కూడా మరిచిపోతది, ఏ పని వల్ల తనకూ పదిమందికీ మేలు అన్న ప్రశ్నలు ఆ ఆలోచనలోకి రానే రాలేదు. పక్కింటి పోరడు కోచింగుకు పోతుండని మనోణ్ణి పంపుడు, దోస్తు మానేసిండని మనోడు బడి మానేసుడు, రెండూ ఆ పదిహేడు మంది కథనే.

మరి పిల్లకు నేర్పవలసింది ఏమిటి? దీనికి జవాబు తథాగతుడు తన సొంత కొడుకుకు చెప్పిన బోధలో ఉన్నది. మజ్ఝిమ నికాయంలో అంబలట్ఠిక రాహులోవాద సుత్తం. రాహులునికి అప్పుడు ఏడేండ్లు అని అట్ఠకథలు చెప్తయి. అంటే మన రెండో తరగతి పిల్లగాడు. అశోకుడు బైరాట్ శాసనంలో కొన్ని బోధల పేర్లు చెక్కించి, వీటిని భిక్షువులు, భిక్షుణులే కాదు, ఉపాసకులు, ఉపాసికలు కూడా మళ్లీ మళ్లీ వినాలని కోరిండు. అబద్ధం గురించి రాహులునికి చేసిన ఈ బోధ అందులో ఒకటి.

ఆ బోధలో రాహులుణ్ణి అద్దం దేనికని అడుగుతడు. చూసుకోవడానికి అని పిల్లగాడు చెప్తడు. అట్లనే పనిని కూడా చూసుకుంటూ చెయ్యాలె అంటడు. చేసేముందు చూసుకో, చేస్తుండంగ చూసుకో, చేసినంక చూసుకో. దీనివల్ల నాకు హాని ఉన్నదా, ఇతరులకు హాని ఉన్నదా, ఇద్దరికీ ఉన్నదా? ఉన్నదని తెలిస్తే మొదలుపెట్టకు, మొదలుపెట్టినా ఆపు, చేసేసి ఉంటే దాచకుండా తెలిసినోళ్లతోని చెప్పుకో. ఇంతే.

గమనించుండ్రి, రాజు మనుమడికి చెప్తున్నడు. నువ్వు ఫలానా కావాలె అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఎన్నడు ఏ పని ఎదురైనా చూసుకునే పద్ధతి ఇచ్చిండు. బతుకు మొత్తానికి ఒక్కసారే ఎంచుకొని కూసునుడు ఎవరికీ సాధ్యం కాదు. చేస్తుండంగ కూడా చూసుకోవాలె, చేసినంక కూడా చూసుకోవాలె. ఆరో తరగతి పిల్ల డాక్టరు అంటది, ఎనిమిదో తరగతిల బొమ్మలు గీస్త అంటది, పదో తరగతిల ఇంకోటి అంటది. ఇది నిలకడ లేకపోవుడు కాదు, చూసుకునుడు.

ఒక ఉదాహరణ చెప్తా. మన పల్లెల్లో ఏడో తరగతి మగపిల్లలను అడగండ్రి, సగం మంది లోపల ఉన్న కోరిక జేసీబీ నడుపుడు. పెద్దోళ్ల ముందట చెప్పరు, నవ్వుతరని. మీ కొడుకు అట్ల అంటే నవ్వకుండ్రి, తిట్టకుండ్రి. అద్దం పెట్టుండ్రి. బిడ్డా, లైసెన్సు పద్దెనిమిదేండ్లు నిండితే గని రాదు, నీకిప్పుడు పన్నెండు, మధ్యల ఆరేండ్లు ఏం చేస్తవు? ఆ బండి చెడిపోతే ఎవరు బాగు చేస్తరు, వానికి ఏం చదువు వచ్చి ఉంటది? బండి నీదా, సేటుదా? డ్రైవరు అన్న ఇంటికి ఎన్ని గంటలకు వస్తడు, ఆయన్నే అడుగుదాం పా. ఇట్ల నాలుగు రోజులు మాట్లాడితే ఆ పిల్లగాడు ఐటీఐ గురించి, డీజిల్ మెకానిక్ గురించి, పాలిటెక్నిక్ గురించి తెలుసుకుంటడు. రేపు నిజంగ జేసీబీనే నడిపినా తెలిసి నడుపుతడు. తిట్టి నోరు మూయిస్తే ఆ కోరిక ఎనిమిదో తరగతిల బడి మానేసుడుగా బయటికొస్తది.

ఎనిమిదో తరగతి అన్న మాట ఊరికే అనలేదు. విద్యాహక్కు చట్టం 2009ల వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అది ఆరు నుంచి పద్నాలుగేండ్ల వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకా. చట్టం చెయ్యి వదిలే చోటనే మన పిల్లలు కూడా జారిపోయే ప్రమాదం. ఊళ్ల ఏడు వరకే బడి ఉండి హైస్కూలు పక్క ఊళ్ల ఉంటే ఆడపిల్ల అక్కడికే ఆగుతది. అందుకే నా అభిప్రాయం ఏమంటే, ఈ వయసుల మంచి నిర్ణయం అంటే ఫలానా దారి పట్టుడు కాదు. ఏ తలుపూ ముందుగాల్నే మూసుకోకుండ చూసుకునుడు. "నాకు లెక్కలు రావు" అని ఏడో తరగతిల ఒక పిల్ల తీర్మానం చేసుకున్నదనుకోండ్రి. ఆ ఒక్క మాటతోని ఇంటర్ల ఎంపీసీ మూసుకుంటది, పాలిసెట్ మూసుకుంటది, పదో తరగతి మార్కుల మీద సీటు ఇచ్చే బాసర ట్రిపుల్ ఐటీ దూరమైతది. ఆ పిల్లకు ఇవేవీ తెలవవు. లెక్కల సారుకు భయపడ్డది, అంతే. అక్కడ తెలిసిన పెద్దమనిషి ఒకరు నిలబడాలె.

నిలబడాలంటే మనకు తెలిసుండాలె గదా. సర్కారు బడిల ఎనిమిది చదివే పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఉన్నది. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్, నాలుగేండ్లకు 48,000. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటొద్దు. ఏడో తరగతిల 55 శాతం మార్కులు ఉండాలె, ఎస్సీ ఎస్టీ పిల్లలకు అందులో 5 శాతం సడలింపు. గురుకులాల్లో, నవోదయల్లో, కేంద్రీయ విద్యాలయాల్లో ఉన్నోళ్లకు ఇది లేదు, ఊరి బడిల చదివేటోళ్లకే. మన వాడ పిల్లల కోసమే పెట్టినట్టున్నది గని మన వాడలనే దీని పేరు తెలిసినోళ్లు తక్కువ. వర్గల్‌ల నవోదయ ఉన్నది. ఆరో తరగతి సీటు తప్పిపోయినా, తొమ్మిదిల ఖాళీలుంటే వాటికి ఎనిమిదో తరగతి పిల్లలు పరీక్ష రాయొచ్చు.

పరీక్షలతోనే పని కాదు. చూడనిదాన్ని ఎవరూ ఎంచుకోలేరు. మన జిల్లాల ములుగు దగ్గర ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది, అటవీ కళాశాల ఉన్నది. సిద్దిపేటల 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నది. చేర్యాలల నకాషీ బొమ్మలు వేసే ఇండ్లున్నయి, దేశమంతా పేరున్న పని అది. ఎన్నిసార్లు జాతరలకు తీసుకపోయినం, ఎన్నిసార్లు వీటి గేటు దాకా తీసుకపోయినం? నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేండ్లు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్నది, తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్ కూడా ఆ యాత్రలో ఉన్నడు. ఆ పిల్లలకు మొదలు చూపించింది ఎవరెస్టును కాదు, భువనగిరి గుట్టను. ఆ రాయి మీద చెయ్యి పెట్టినంకనే తమకు అది చాతనైతదని తెలిసింది. చుట్టం వచ్చి "ఏమైతవ్ బిడ్డా" అని అడిగిననాడు, పర్వతాలు ఎక్కుత అని ఏ పిల్ల చెప్తది?

ఇక మన ఉద్యమ కుటుంబాల పిల్లల మీద ఇంకో బరువు ఉన్నది. "నువ్వు అంబేద్కర్ లెక్క కావాలె." జయంతి సభల మైకు ఇచ్చి పన్నెండేండ్ల పిల్లతోని సమాజం రుణం తీర్చుకుంట అని ప్రమాణం చేయిస్తం. దీని మీద నాకు అభ్యంతరం ఉన్నది. కొందరు సోదరులు నొచ్చుకుంటరేమో, అయినా చెప్తా.

బాబాసాహెబ్ చిన్ననాడు ఎంచుకునే అవకాశం ఎంత ఉండె? బొంబాయి బడిల సంస్కృతం చదువుకుంట అంటే అంటరాని పిల్లగానికి లేదన్నరు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. (సంస్కృతాన్ని తర్వాత ఆయన పట్టుబట్టి నేర్చుకున్నరు.) 1907ల మెట్రిక్ పాసైనప్పుడు కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆ సన్మాన సభల బహుమతిగా ఇచ్చిండు. ఆ తర్వాత బరోడా మహారాజు సహాయం దొరికేటట్టు చూసిండు. నువ్వు ఫలానా కావాలె అని కేలూస్కర్ చెప్పినట్టు నేనెక్కడా చదవలేదు. పిల్లగాడు చదువుతడని చూసిండు, పుస్తకం ఇచ్చిండు, ఫీజుకు దారి చూపించిండు. ఆ పుస్తకం ఇచ్చిన 49 ఏండ్లకు నాగపూర్ల ఏం జరిగిందో మనకు తెలుసు. ఇచ్చిన నాడు ఇచ్చినాయనకు తెలవదు.

రుణం ఉన్నదా లేదా అంటే ఉన్నది. రిజర్వేషన్ మీద, గురుకులం సీటు మీద, స్కాలర్‌షిప్ మీద ఎంతోమంది చెమట ఉన్నది. చదువుకున్నోళ్లు తమ దారి తాము చూసుకున్నరని బాబాసాహెబ్ చివరి రోజుల్లో బాధపడ్డరు. కానీ ఆయన బాధ ఎదిగినోళ్ల గురించి, పిల్లల గురించి కాదు. పన్నెండేండ్ల నెత్తిన అప్పు పెడితే, పిల్లలు ఆ అప్పును చూసి దాక్కుంటరు, లేకపోతే అప్పు ఇచ్చినోళ్లను చూస్తేనే మొఖం తిప్పుకుంటరు. పట్నంల మంచి నౌకర్లల్ల ఉండి, విహారం దిక్కు రాని మనోళ్లను చూస్తలేమా? పిల్లలకు కథ చెప్పుండ్రి. ఈ దారి ఎవరు వేసిండ్రో, భాగ్యరెడ్డివర్మ హైదరాబాదుల బడులు ఎందుకు తెరిచిండో చెప్పుండ్రి. ప్రమాణం మాత్రం అడగకుండ్రి. పెద్దయినంక అద్దంల చూసుకుంటే అప్పు వాళ్లకే కనపడుతది.

సిగాలోవాద సుత్తంలో పిల్లల మీద పెట్టిన బాధ్యతలు ఐదైతే తల్లిదండ్రుల మీద పెట్టినవీ ఐదే. చెడు నుంచి ఆపుడు, మంచి దిక్కు నడుపుడు, ఒక విద్య నేర్పించుడు, తగిన పెండ్లి చేసుడు, సమయానికి ఆస్తి అప్పజెప్పుడు. విద్య మూడోది, పెండ్లి నాలుగోది. మన ఇండ్లల్ల ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి నాలుగోదాన్ని తెచ్చి మూడోదాని ముందట పెడుతున్నం. చట్టం పద్దెనిమిది అంటది. చట్టం సంగతి పక్కన పెట్టినా, త్రిశరణం చదివిన నోటితోని "ఆడపిల్లకు అంత చదువెందుకు" అనుడు ఎట్ల కుదురుతది?

ఇంకో కష్టమైన ముచ్చట. అద్దం పిల్ల చేతికి ఇచ్చినంక అది పిల్ల మొఖమే చూపెడ్తది అనుకోవద్దు. సమ్యక్ ఆజీవం గురించి పిల్లలకు చెప్తుంటం, మత్తు పదార్థాలు అమ్ముడు ఉపాసకులు చేయరాని వ్యాపారాల్లో ఒకటి అని. ఇంట్ల బెల్టు షాపు నడిచే పిల్లగాడు లేచి, "మరి మా బాపు?" అని అడిగితే? వాని ఫీజు ఆ సీసాల పైసలతోనే కట్టిండ్రు. అట్లాంటి ప్రశ్నకు నోరు మూసుకో అనేటోళ్లు ఉన్నరు, పెద్దోళ్ల ముచ్చట నీకెందుకు అనేటోళ్లు ఉన్నరు. ఆ పిల్లగానికి మనం బాకీ ఉన్నది నిజం. నీ ఫీజు తప్పు కాదు బిడ్డా, దారి మార్చవలసింది పెద్దోళ్లం, ఎట్ల మార్చాల్నో ఆలోచిస్తున్నం అని చెప్పే ధైర్యం ఉండాలె. రాహులునికి అదే బోధలో ముందుగాల చెప్పింది అబద్ధం గురించి. పాత్రల ఇంత నీళ్లు ఉంచి, పారబోసి, బోర్లించి చూపించి చెప్పిండు. తెలిసి అబద్ధం ఆడేటోని సాధన గా ఖాళీ పాత్ర అసొంటిది. పిల్లకు నిజం చెప్పని ఇంట్ల ఎన్ని కెరీర్ క్లాసులు పెట్టినా ఆ పిల్ల మన మాట పట్టుకొని దేన్నీ ఎంచుకోదు.

పైస లేని ఇంట్ల ఇన్ని ముచ్చట్లు ఎట్ల సాగుతయి అని మీరు అడగొచ్చు. న్యాయమైన మాటనే. పూట గడువని ఇంట్ల పిల్ల ఇష్టం గురించి మాట్లాడుడు కష్టం. కానీ చూడుండ్రి, ఇంట్ల పైస లేనప్పుడే తప్పు నిర్ణయం ఖరీదు ఎక్కువ. ఉన్నోని కొడుకు రెండుసార్లు దారి మార్చుకున్నా ఇంకో కాలేజీల చేరుతడు. మన పిల్లకు రెండోసారి దొరుకదు. అందుకే ఆలోచన మనకే ఎక్కువ అవసరం. ఒక్క ఇంటికి చాతకాకపోతే సంఘానికి చాతనైతది. వాడల పది ఇండ్లు కలిస్తే అందులో ఒక నర్సు ఉంటది, ఒక లైన్‌మన్ ఉంటడు, ఒక టైలరు ఉంటడు, డిగ్రీ చదివే అక్క ఉంటది. నెలకొక ఆదివారం బుద్ధ వందన అయినంక వాళ్లల్ల ఒకరిని కూసోబెట్టి పిల్లలను ప్రశ్నలు అడగనియ్యుండ్రి. జీతం ఎంత, తిట్లు ఎన్ని, దేనికి సంబరం, దేనికి ఏడుపు, మళ్లీ పుట్టుడు లేదు గని మళ్లీ పన్నెండేండ్లు వస్తే ఏం చదువుతవు? పెద్దోళ్లు మధ్యల జవాబు చెప్పకుండ్రి.

ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తుకు కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ కావాలె. నోటిఫికేషన్ వచ్చినంక మీసేవ దగ్గర వరుస కడితే ఆలస్యమైతది. జూన్ల బడి తెరవంగనే మీ వాడల ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లలు ఎంతమందో లెక్క రాసుకొని, సర్టిఫికెట్లు అప్పుడే తీయించి పెట్టుండ్రి. ఆడపిల్లల పేర్లు ముందుగాల రాయుండ్రి.